పంపు టైమింగ్ నిజంగా తప్పిందా? విప్పే ముందు చూసుకోవాల్సినవి, విప్పక తప్పకపోతే చేసుకోవాల్సినవి

ఉభాలు, అంటే వరి నాట్లు, మొదలయ్యేసరికి మా నరసన్నపేట వైపు ఎవర్ని కదిపినా ఒకటే మాట, పంపు టైమింగ్ పోయిందట. పంపంటే నీళ్ల పంపు కాదు, ఇంజనులోకి డీజిల్ కొట్టే పంపు. పొద్దున్న ఇంజను అందుకోకపోతే టైమింగ్, తెల్ల పొగొస్తే టైమింగ్, నల్ల పొగొచ్చినా టైమింగే. వెంటనే పంపు విప్పీసి సంచిలో వేసుకుని శ్రీకాకుళం బస్సెక్కీడమే. తీరా చూస్తే చాలాసార్లు ఫిల్టర్లో నీళ్లో, కాపర్ వాషర్ దగ్గర గాలో ఉంటాది. పైగా పంపు విప్పి మళ్లీ బిగించడంలో అప్పటిదాకా సరిగ్గా ఉన్న టైమింగ్ కాస్తా నిజంగానే తప్పుతాది.

నాకూ అదే జరిగింది. కాలవ మీద పెట్టిన మా సింగిల్ సిలిండర్ ఆయిల్ ఇంజను, దాని పంపుని కాలిబ్రేషన్‌కి, అంటే బెంచి మీద కొలిచి సరిచెయ్యడానికి, ఇచ్చేను, తెచ్చి బిగించేరు, మర్నాడు హ్యాండిల్ వేసి తిప్పితే గుర్రం తన్నినట్టు వెనక్కి తన్నింది, మణికట్టు పది రోజులు వాచిపోయింది. బిగించినాయన ఎవరన్నది వదిలేయండి, మంచోడే, కానీ పంపు కింద ఉన్న షిమ్‌లు, అంటే ఎత్తు సరిచేసే పల్చటి రేకులు, తుక్కనుకుని పారేసి వట్టి ప్యాకింగ్ ఒకటి వేసేడు. ఆ షిమ్‌లే టైమింగ్ అని ఆయనకి తెలీదు, అప్పటికి నాకూ తెలీదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు టైమింగ్ అంటే ఏటో ఒక ముక్క. పిస్టన్ పైకొచ్చి గాలిని నొక్కుతూ ఉండగా, పై అంచుకి చేరకముందే పంపు డీజిల్ కొట్టాలి, ఎందుకంటే డీజిల్ పడగానే అంటుకోదు, వేడి గాలిలో కలిసి అంటుకోడానికి కొంచెం టైం పడతాది. ఎన్ని డిగ్రీల ముందు కొట్టాలన్నది ఇంజనుని బట్టి. ఉదాహరణకి కిర్లోస్కర్ టీవీ1 అనే 5.2 కిలోవాట్ల ఇంజనుకి 23 డిగ్రీలు. 1500 ఆర్‌పీఎం మీద తిరిగే ఇంజనులో ఒక డిగ్రీ అంటే సెకనులో 9000వ వంతు, ఇది మన చెవికి గానీ చేతికి గానీ అందే లెక్క కాదు. మీ ఇంజను డిగ్రీలు ప్లేటు మీదో, పుస్తకంలోనో, ఫ్లైవీల్ మీద గీతగానో ఉంటాయి. పక్కూరోళ్ల ఇంజను లెక్క తెచ్చి మీదానికి పెట్టకండి.

లేటా, ముందా

టైమింగ్ లేటయితే పొద్దున్న చల్లటప్పుడు అందుకోదు, తిప్పగా తిప్పగా తెల్ల పొగ దండిగా వస్తాది, ఆ పొగకి కళ్లు మండుతాయి. అందుకున్నాక బరువు పెడితే లాగదు, నీళ్ల పైపులో ధార సన్నబడతాది, సైలెన్సర్ మొదట్లో గొట్టం మామూలు కంటే ఎక్కువ కాలతాది, నల్ల పొగ మొదలవుతాది. డీజిల్ ఆలస్యంగా మండి దాని వేడి పిస్టన్‌ని నెట్టడానికి కాకుండా సైలెన్సర్లోకి పోతాదన్నమాట. డీజిల్ ఖర్చు పెరుగుతాది. ఇందులో ఒక మోసం ఉంది, లేటుగా ఉన్న ఇంజను వినడానికి భలే మెత్తగా ఉంటాది. "అబ్బ, ఎంత నైసుగా తిరుగుతుందో" అనుకుంటాం, అది కూల్‌గా డీజిల్ తాగేస్తా ఉంటాది.

ముందయితే దీనికి రివర్సు. టకటకమని గట్టిగా కొట్టుడు శబ్దం, సుత్తితో ఇనుము మీద కొట్టినట్టు, హ్యాండిల్ వేసే ఇంజనయితే వెనక్కి తన్నడం. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందకి తోస్తాది కదా, ఆ దెబ్బంతా పిస్టన్ నెత్తి మీద, బేరింగుల మీద, హెడ్ ప్యాకింగ్ మీద పడతాది. పొగ తక్కువే ఉంటాది కాబట్టి ఇంజను బావుందనుకునే ప్రమాదం ఉంది. రెండిట్లో ఇదే ఎక్కువ నష్టం, లేటయితే డబ్బు పోతాది, ముందయితే ఇంజనే పోతాది.

మా దగ్గర కొంతమంది మేస్త్రీలు ఇంజను తిరుగుతుండగానే పంపు నట్లు లూజు చేసి, అటూ ఇటూ జరిపి చెవితో టైమింగ్ పెట్టేస్తారు. అనుభవం ఉన్నోళ్ల చెవిని నేను తక్కువ చెయ్యను, కానీ చెవికి ఇంపుగా ఉన్న చోట ఆపితే అది లేటు వైపే ఆగుతాది. పైన చెప్పిన మోసం అదే.

టైమింగ్ మీద నింద వేసే ముందు

పైన చెప్పిన లక్షణాలన్నీ వేరే రోగాలకీ వస్తాయి, అసలు చిక్కంతా ఇక్కడే. కాబట్టి చవకైనవి, చేతితో అయిపోయేవి ముందు చూడండి.

గాలి పట్టిందేమో చూడండి. ఫిల్టర్ మీద బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి డీజిల్‌ని రానివ్వండి, బుడగలు ఆగకుండా వస్తుంటే ట్యాంకు నుంచి పంపు దాకా ఎక్కడో పీల్చుకుంటోంది. కాపర్ వాషర్లు ఒకసారి నలిగినవే మళ్లీ మళ్లీ వేస్తే ఇదే గతి, కొత్తవి కొనడానికి ఎంతవుతాది చెప్పండి. తర్వాత ఫిల్టర్ గిన్నె విప్పి గాజు గ్లాసులో పొయ్యండి, అడుగున నీళ్లు తేరుకుంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పలాస, టెక్కలి వైపు రోజుల తరబడి కరెంటు లేకపోతే ఏళ్లుగా మూల పడున్న ఇంజన్లన్నీ బయటకి తీసేరు గుర్తుందా, అప్పుడు చాలా ఇంజన్లకి రోగం పాత డీజిలూ, ట్యాంకు అడుగు తుప్పూ, నీళ్లూను. అలగే కిరసనాయిలు కలిపే అలవాటున్నోళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, పంపు లోపల డీజిల్‌ని నెట్టే ప్లంజరు కడ్డీకి డీజిలే నూనె, దానికీ గోడకీ మధ్య సందు 2 నుంచి 4 మైక్రాన్లే (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కిరసనాయిలుకి ఆ జిడ్డు ఉండదు.

నల్ల పొగయితే ముందు ఎయిర్ క్లీనర్. ఆయిల్ బాత్ రకమయితే అడుగున నూనె ఉందా బురద ఉందా చూడండి. తెల్ల పొగ కళ్లు మండించకుండా ఆవిరిలా తడిగా ఉండి, రేడియేటర్లో బుడగలొస్తుంటే అది హెడ్ ప్యాకింగ్ సంగతి, పంపుకి సంబంధం లేదు. టాపెట్ గ్యాపు, అంటే వాల్వు మీద ఉండే సందు, చూడండి. కంప్రెషన్ చూడండి, ఇంజను చేత్తో తిప్పితే గట్టిగా అడ్డం పడాలి, మెత్తగా జారిపోయి, నడుస్తున్నప్పుడు ఇంజను లోపలి గాలి బయటకొచ్చే బ్రీథర్ నుంచి పొగ భుగభుగమని వస్తే రింగులు అయిపోయినట్టు. రింగులు పోయిన ఇంజనుకి కూడా చల్లటప్పుడు అచ్చం లేటు టైమింగ్ లాగే తెల్ల పొగొస్తాది. ఆ ఇంజనుకి మీరు ఎన్ని డిగ్రీలు మార్చినా ఒరిగేదేం లేదు.

ఆఖరికి నాజిల్, అంటే సిలిండర్లోకి డీజిల్ చిమ్మేది. కారే నాజిల్ కూడా ముందు టైమింగ్ లాగే టకటకమంటాది. రెండు మూడు నాలుగు సిలిండర్ల ట్రాక్టరయితే తేల్చడం తేలిక. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు అర చుట్టు వదులు చేసి మళ్లీ బిగించండి, ఒక దాని దగ్గర కొట్టుడో పొగో ఆగిపోతే తప్పు ఆ నాజిల్‌దే. పంపు టైమింగ్ తప్పితే అన్ని సిలిండర్లకీ ఒకేలా తప్పుతాది, ఒక్కదానికే జ్వరం రాదు. ఈ పని చేసేటప్పుడు నట్టు మీద గుడ్డ కప్పండి, వేళ్లు దూరం పెట్టండి. నాజిల్ చాలా డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో 200 బార్ దరిదాపుల్లో తెరుచుకుంటాది, ఆ ధార చర్మంలోంచి దూరిపోతాది, పైకి చిన్న సూది పోటులా కనిపిస్తాది గానీ లోపల కండ కుళ్లిపోతాది. అలా తగిలితే కట్టు కట్టుకుని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి, ఏం తగిలిందో డాక్టరుకి చెప్పాలి.

ఇవన్నీ బావున్నాయంటే అప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. టైమింగ్ దానంతట అది నడిచెళ్లదు, మరి దాన్ని కదిపింది ఏటి? ఈ మధ్య పంపు విప్పేరా, ఓవరాలింగులో గేర్లు తీసేరా, అయితే షిమ్‌లో, గేరు పన్నో తేడా. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి మారిందా, అయితే పంపు గేరుని షాఫ్టుకి పట్టి ఉంచే కీ కోసుకుపోయి ఉండొచ్చు, కప్లింగ్ బోల్టులో పంపు బిగింపు నట్లో వదులై ఉండొచ్చు. ఏళ్ల మీద కొంచెం కొంచెంగా అయితే క్యామూ, టాపెట్టూ అరిగి లేటవుతాది. ఈ మూడూ కాదంటే మళ్లీ పైకెళ్లి గాలీ నీళ్లూ చూడండి.

సింగిల్ సిలిండర్ ఇంజనుకి చూసే పద్ధతి

మొదట పిస్టన్ పై అంచుకి ఎక్కడొస్తుందో, అంటే టీడీసీ, ఫ్లైవీల్ మీద తెలియాలి. గీత ఉంటే సంతోషం. పాత ఇంజన్లకి ఫ్లైవీల్ ఎప్పుడో మార్చేసి ఉంటారు, గీత నమ్మలేం, అప్పుడు మనమే కట్టుకోవాలి. నాజిల్ తీసేసి ఆ కన్నంలోంచి ఓ సన్న రాడ్డు, పొడుగ్గా ఉండాలి లోపలికి జారిపోకూడదు, పిస్టన్ మీద ఆనించండి. ఫ్లైవీల్ చేత్తోనే తిప్పాలి, సెల్ఫ్ ఉన్నా వాడొద్దు. పిస్టన్ పై అంచు దగ్గర ఒక చిక్కుంది, ఫ్లైవీల్ నాలుగైదు డిగ్రీలు తిరిగినా రాడ్డు కదిలినట్టే కనిపించదు. అందుకని "ఇదిగో పైకొచ్చేసింది" అని కంటితో గీత పెడితే తప్పు. పిస్టన్ ఇంకా ఓ సెంటీమీటరు కింద ఉండగానే రాడ్డు మీద ఒక గుర్తు పెట్టి, ఆ టైంలో ఫ్లైవీల్ మీద పాయింటరుకి, అంటే ఇంజను బాడీ మీద కదలని ముల్లుకి, ఎదురుగా సుద్దతో గీయండి. అలాగే ముందుకి తిప్పుకుంటూ పోతే పిస్టన్ పైకెళ్లి దిగుతాది, రాడ్డు గుర్తు సరిగ్గా అదే ఎత్తుకి దిగినప్పుడు రెండో గీత. రెండు గీతలకీ సరిగ్గా నడిమధ్య టీడీసీ. టేపుతో అంచు వెంబడి కొలవండి, చూపుతో కాదు.

ఇప్పుడు డిగ్రీలని మిల్లీమీటర్లు చేసుకోవాలి. ఫ్లైవీల్ చుట్టుకొలత టేపు చుట్టి కొలిచి 360తో భాగించడమే. మా ఇంజనుది 162 సెంటీమీటర్లు, అంటే డిగ్రీకి 4.5 మిల్లీమీటర్లు, 23 డిగ్రీలంటే 103.5 మిల్లీమీటర్లు. టీడీసీ గీత పాయింటరు దగ్గరకి రాకముందే వచ్చే వైపు అంత దూరం కొలిచి పెయింటుతో గీత పెట్టండి. ఏ వైపో తికమక పడేవాళ్లకి, ఇంజను నడిచే దిశలో తిప్పితే పాయింటరు కిందకి ముందు ఈ గీత, తర్వాత టీడీసీ గీత రావాలి.

డీజిల్ కుళాయి తెరిచి, గాలంతా తీసేసి, పంపు నుంచి నాజిల్‌కి వెళ్లే హైప్రెషర్ పైపు పంపు దగ్గర విప్పండి. పంపు లివర్ నడిచే పొజిషన్లో, ఫుల్ వైపు ఉండాలి, స్టాప్‌లో ఉంటే ఎంత తిప్పినా డీజిల్ రాదు. ఇక్కడ నాకు ఓ పెద్దాయన నేర్పిన చిట్కా ఉంది, అయిపోయిన పెన్ను రీఫిల్ శుభ్రంగా కడిగి, రెండు చివర్లా తెరిచి, సైకిల్ వాల్ ట్యూబు ముక్కతో పంపు మూతి మీద నిలబెట్టడం. సన్నటి గొట్టం కాబట్టి లోపల డీజిల్ చుక్కంత కదిలినా పైకి వేలెడు కదిలినట్టు కనిపిస్తాది. ఫ్లైవీల్ నాలుగైదు సార్లు తిప్పండి, బుడగల్లేని డీజిల్ రీఫిల్‌లో సగం దాకా రావాలి, ఎక్కువైతే దులిపేయండి.

ఇప్పుడు డీకంప్రెషన్ లివర్ (వాల్వు తెరిచి పట్టి ఇంజనుని తేలిగ్గా తిరగనిచ్చేది) ఎత్తి, నడిచే దిశలోనే, తాబేలు నడకలా తిప్పుకుంటూ రండి. ఫ్లైవీల్ రెండు చుట్లకి ఒకసారే పంపు కొడుతుంది కాబట్టి మొదటి చుట్టులో ఏమీ కదలకపోతే కంగారు పడకండి, ఇంకో చుట్టు వెయ్యండి. రీఫిల్‌లో డీజిల్ ఉలిక్కిపడినట్టు కదిలిన ఆ క్షణం చెయ్యి ఆపాలి. దాటిపోతే అక్కడినుంచి కొంచెం వెనక్కి తిప్పి సరిచెయ్యకండి, గేర్ల మధ్య లూజు వల్ల లెక్క తప్పుతాది, పావు చుట్టు వెనక్కెళ్లి మళ్లీ ముందుకి రండి. మూడుసార్లు చెయ్యండి, మూడూ ఒకే చోట పడితేనే నమ్మండి.

పాయింటరు కింద మన పెయింటు గీత ఉంటే టైమింగ్ సరిగ్గా ఉంది, పంపు జోలికి వెళ్లకండి. గీత ఇంకా రాకముందే డీజిల్ కదిలితే ముందు, గీత దాటిపోయాక కదిలితే లేటు. మా దానికి గీత ఇంకా 27 మిల్లీమీటర్లు ఉండగానే కదిలింది, అంటే 6 డిగ్రీలు ముందు, 23కి బదులు 29. మణికట్టు ఊరికే వాచలేదు.

సరిచెయ్యడం షిమ్‌లతోనే. పంపు కింద షిమ్ పెంచితే పంపు పైకి లేస్తాది, డీజిల్ లోపలికొచ్చే కన్నాన్ని మూయడానికి ప్లంజరు ఇంకొంచెం ఎక్కువ ప్రయాణం చెయ్యాలి, లేటవుతాది. షిమ్ తీస్తే ముందుకొస్తాది. ఒక్కో షిమ్‌కి ఎన్ని డిగ్రీలన్నది క్యామ్‌ని బట్టి మారుతాది కాబట్టి ఒకటి వేసి, బిగించి, మళ్లీ రీఫిల్‌తో కొలిచి, ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో చూసి, మిగతాది లెక్కేసుకోండి. నాకు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పట్టింది, ఆ మధ్యలో మా బావ వచ్చి "ఏటి బావా, పెన్నుతో ఇంజనుకి చదువు సెప్తున్నావేటి" అని నవ్వి పోయేడు. మర్నాడు ఆయన ఇంజనుకి రీఫిల్ పట్టుకెళ్లింది నేనే.

ట్రాక్టరు ఇన్‌లైన్ పంపు

ఇన్‌లైన్ అంటే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ప్లంజరు (ఎలిమెంట్) వరసగా ఉండే పంపు. సూత్రం అదే, పని కొంచెం ఎక్కువ. ఫ్లైవీల్ హౌసింగు కిటికీలోంచి గీత చూసుకుని, ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉండేలా తేవాలి. నాలుగు సిలిండర్ల ఇంజనయితే నాలుగో సిలిండర్ రెండు వాల్వులూ ఒకేసారి ఊగుతుంటే, ఒకటోది కంప్రెషన్ మీద ఉన్నట్టు. ఇది తప్పి ఒక చుట్టు తేడాతో కట్టేసి, రోజంతా సెల్ఫ్ కొట్టి బ్యాటరీ చంపుకున్నవాళ్లని చూసేను.

పంపు ఒకటో ఎలిమెంట్ పైన డెలివరీ వాల్వు (డీజిల్ వెనక్కి రాకుండా ఆపేది) హోల్డర్ విప్పి, వాల్వునీ స్ప్రింగునీ తీసి శుభ్రమైన డీజిల్ గిన్నెలో వేసి, హోల్డర్ ఒక్కటే మళ్లీ బిగించి, దాని మీద కొంగ మెడలా వంచిన సన్న పైపు పెట్టండి. లివర్ ఫుల్, హ్యాండ్ ప్రైమర్ కొడుతుంటే పైపులోంచి డీజిల్ ధారగా వస్తాది. ఇంజనుని నెమ్మదిగా తిప్పుతుంటే ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోతాది. ప్లంజరు కన్నం మూసేసింది అక్కడే, ఇంజెక్షన్ మొదలూ అదే. అప్పుడు కిటికీలో ఏ డిగ్రీ ఉందో చదవండి. తేడా ఉంటే పంపు నట్లు వదులు చేసి, స్లాట్లలో పంపు బాడీని తిప్పాలి, పంపు షాఫ్టు తిరిగే దిశకి ఎదురుగా తిప్పితే ముందుకొస్తాది, అదే దిశలో తిప్పితే లేటవుతాది. పంపు ఇంజనులో సగం స్పీడు మీద తిరుగుతాది కాబట్టి పంపు దగ్గర ఒక డిగ్రీ జరిపితే ఫ్లైవీల్ దగ్గర రెండు. పిసరంత జరిపి చూడండి.

ఈ పనికి దుమ్ము లేని చోటు కావాలి. నూర్పు కళ్లంలో ఈ వాల్వు విప్పొద్దు.

గుండ్రటి రోటరీ పంపులకి, అంటే డీపీఏ, వీఈ రకాలకి ఈ ధార పద్ధతి కాదు. డీపీఏకి పక్క మూత తీస్తే లోపల అక్షరాల గీతలుంటాయి, వీఈకి డయల్ గేజ్ పెట్టి ప్లంజరు ఎంత లేచిందో కొలుస్తారు, రెండిటికీ ఆ ఇంజను పుస్తకం లెక్క లేకుండా చెయ్యి పెట్టకండి. వీటిలో స్పీడు పెరిగే కొద్దీ టైమింగ్‌ని తనే ముందుకి జరిపే ఏర్పాటు ఉంటాది, స్టార్టింగు బావుండి, స్పీడు మీద మాత్రం లాగకుండా పొగ కక్కితే ఆ అడ్వాన్సు ఇరుక్కుని ఉండొచ్చు, అది పంపు షాపులో బెంచి మీదే తేలాలి. కామన్ రైల్ బళ్లకి ఇందులో ఏదీ పనికిరాదు, అక్కడ టైమింగ్ కంప్యూటర్ చూసుకుంటాది.

అంతా బిగించేక గాలి తీసి స్టార్ట్ చేసి, వెంటనే సంబరపడకండి, వేడి ఇంజను ఎలగైనా అందుకుంటాది. అసలు పరీక్ష మర్నాడు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు, తర్వాత బరువు మీద ఓ గంట. అది నెగ్గితే పంపు ఫ్లాంజి మీద నుంచి ఇంజను బాడీ మీదకి ఒకే ఉలి గాటు పెట్టండి, ఇంకెప్పుడు ఎవరు విప్పినా ఆ గాటుకే కలుపుతారు. సింగిల్ సిలిండర్ వాళ్లు కింద ఎన్ని షిమ్‌లున్నాయో ఇంజను మీదే పెయింటుతో రాసేయండి, సుద్దతో రాస్తే మొదటి వానకే పోతాది, మాది అలాగే పోయింది.